సొమ్మొకరిది, సోకొకరిది: ఐర్లండ్ పన్నుల విధానం నేర్పే పాఠం

తనకు రావలసిన పన్నును తనకు వద్దంటూ ఎనిమిదేళ్లపాటు న్యాయస్థానాల్లో పోరాడిన ప్రభుత్వం ప్రపంచంలో అరుదు. 2024 సెప్టెంబరు 10న లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానంలో ఐర్లండ్ ఆ పోరాటంలో ఓడిపోయింది. యాపిల్ సంస్థ నుంచి 1,300 కోట్ల యూరోల పన్ను బకాయిని వడ్డీతో సహా వసూలు చేసుకొని తీరాలని న్యాయస్థానం తుది తీర్పు చెప్పింది. ఓడినందుకు ఖజానా నిండిన ఈ విచిత్రం వెనుక ఉన్న రాజకీయార్థిక నీతి ఏమిటో భారతీయ పాఠకులు తప్పక తెలుసుకోవాలి. ఎందుకంటే కంపెనీలపై పన్ను తగ్గిస్తే దేశం బాగుపడుతుందని వాదించేవారందరూ ఉదాహరణగా ముందు చూపించేది ఐర్లండ్‌నే.

యాపిల్ కథ

ఐరోపా కమిషన్‌లో పోటీ వ్యవహారాల బాధ్యురాలు మార్గరెత్ వెస్టేగర్ 2016 ఆగస్టు 30న వెల్లడించిన వివరాలు ఎవరినైనా నివ్వెరపరుస్తాయి. యాపిల్‌కు ఐర్లండ్‌లో నమోదైన రెండు అనుబంధ కంపెనీలున్నాయి. వాటి లాభంలో సింహభాగాన్ని ఒక ‘ప్రధాన కార్యాలయం’ ఖాతాలో వేసేవారు. ఆ కార్యాలయానికి భవనం లేదు, ఉద్యోగి లేడు, ఏ దేశంలోనూ చిరునామా లేదు. కాగితం మీద తప్ప ఎక్కడా లేని ఆ కార్యాలయం లాభం మీద పన్ను వేసే దేశమూ లేదు. 1991లో ఒకసారి, 2007లో మరోసారి ఐర్లండ్ పన్నుల శాఖ ఈ ఏర్పాటుకు ఆమోదముద్ర వేసింది.

ఫలితం కమిషన్ మాటల్లోనే వినాలి. 2011లో అందులో ఒక కంపెనీ లాభం సుమారు 1,600 కోట్ల యూరోలు. ఐర్లండ్‌లో పన్ను వేయదగినదిగా తేలినది అయిదు కోట్లు మాత్రమే. కట్టిన పన్ను కోటి యూరోలకు లోపు. 2014 నాటికి ఆ కంపెనీ చెల్లించిన పన్ను లాభంలో 0.005 శాతానికి దిగజారింది. అంటే పది లక్షల యూరోల లాభం మీద 50 యూరోలు. డబ్లిన్ కార్యాలయాలు ఊడ్చే కార్మికుడి వేతనంలో కోతపడే మొత్తం అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ వ్యవహారంలో భారతదేశం కేవలం ప్రేక్షకురాలు కాదు. ఐరోపాలో, మధ్యప్రాచ్యంలో, ఆఫ్రికాలో, భారతదేశంలో యాపిల్ అమ్మిన సరుకు లెక్కలు ఆ ఐరిష్ కంపెనీ ఖాతాలోకే చేరేవని కమిషన్ స్పష్టంగా పేర్కొన్నది. తమ గడ్డమీద జరిగిన అమ్మకాలకు పన్ను తామే అడుగుతామని ఇతర దేశాలు ముందుకొస్తే ఐర్లండ్ వసూలు చేయవలసిన మొత్తం ఆ మేరకు తగ్గుతుందని కూడా చెప్పింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక యువకుడు వాయిదాల మీద కొన్న ఫోను తాలూకు లాభం అట్లాంటిక్ తీరంలోని ఒక దీవి పద్దుల్లోకి వెళ్లి, అక్కడ కూడా పన్ను తగలకుండా గాలిలో కలిసిపోయిందన్న మాట.

ఒకే దేశం, రెండు తూనికలు

ఐర్లండ్‌లో కంపెనీల వ్యాపార లాభంపై పన్ను 12.5 శాతం. 2003 నుంచి ఇదే రేటు. వ్యాపారేతర ఆదాయంపై 25 శాతం. ఏటా 75 కోట్ల యూరోలకు మించిన టర్నోవర్ ఉన్న బహుళజాతి సంస్థలకు 2024 జనవరి నుంచి కనీసం 15 శాతం వర్తిస్తున్నది. ఈ పెంపు ఐర్లండ్ తనంతట తాను చేసింది కాదు. అంతర్జాతీయ ఒప్పందానికి చిట్టచివర తలవంచిన కొద్ది దేశాల్లో అదొకటి. 2021 అక్టోబరు వరకు అది సంతకానికి ఒప్పుకోలేదు. అదీ ‘కనీసం 15 శాతం’ అన్న మాటలోంచి ‘కనీసం’ అన్న పదాన్ని తీసేయించుకున్న తర్వాతనే.

పైగా రేటు ఒక్కటే మొత్తం కథ కాదు. పేటెంట్లు, సాఫ్ట్‌వేర్ హక్కుల వంటి మేధోసంపత్తిని ఐరిష్ కంపెనీ తన సోదర సంస్థ నుంచే కొన్నట్టు రాసుకొని, ఆ కొనుగోలు ఖర్చును ఏటా లాభంలోంచి మినహాయించుకోవచ్చు. 2009లో మొదలైన ఈ సదుపాయానికి 2015 నుంచి 2017 అక్టోబరు దాకా పరిమితి కూడా లేదు. ఆ తర్వాత కొన్నవాటికి 80 శాతం పరిమితి పెట్టారు. అంతకుముందు గూగుల్ వంటి సంస్థలు వాడుకున్న ‘డబుల్ ఐరిష్’ అనే ఎత్తుగడ మరింత ప్రసిద్ధం. రెండు ఐరిష్ కంపెనీలను పెట్టి, అందులో ఒకదాని యాజమాన్యాన్ని బెర్ముడాలో చూపి లాభాన్ని అక్కడికి తరలించే విద్య అది. 2015 జనవరి నుంచి కొత్తవారికి ఆ తలుపు మూసేశారు. అప్పటికే లోపల ఉన్నవారికి మాత్రం 2020 చివరి దాకా గడువిచ్చారు.

ఇక మనుషుల సంగతి. 2025 రేట్ల ప్రకారం ఒంటరి ఉద్యోగి ఆదాయంలో మొదటి 44,000 యూరోలకు 20 శాతం, ఆపైన ప్రతి యూరోకు 40 శాతం. దానిమీద సార్వత్రిక సామాజిక చార్జీ అనే మరో పన్ను. దానిమీద నాలుగు శాతానికి కాస్త పైన సామాజిక బీమా చందా. ఏడాదికి 50,000 యూరోలు సంపాదించే ఒంటరి ఉద్యోగి, అందరికీ ఇచ్చే రాయితీలు పోగా, ఈ మూడింటి కింద దాదాపు 10,300 యూరోలు సమర్పించుకుంటాడు. జీతం 70 వేలు దాటితే అదనంగా వచ్చే ప్రతి యూరోలో సగానికి పైగా ప్రభుత్వానిదే. మిగిలినదానితో బజారుకు వెళ్తే చాలా వస్తువుల మీద 23 శాతం వ్యాట్ కాచుకొని ఉంటుంది.

తక్కువ వేతనాలవారిపై ఐర్లండ్ ఆదాయపు పన్ను భారం తేలికగానే ఉంటుందన్నది నిజం. ఆ మేరకు ఆ వ్యవస్థను మెచ్చుకోవాలి. కానీ అందరికంటె బలవంతుడైన పన్ను చెల్లింపుదారుకు 12.5 శాతం, సగటు జీతగాడి ఆదాయపు అంచునే 40 శాతం అన్న ఏర్పాటు న్యాయమని ఎవరు అనగలరు? ఇందులోనూ ఒక మినహాయింపు ఉంది. బహుళజాతి సంస్థలు విదేశాల నుంచి తమ శాఖలకు బదిలీ చేసే భారీ జీతాల అధికారులకు, నిర్ణీత పరిమితికి మించిన ఆదాయంలో 30 శాతాన్ని అయిదేళ్లపాటు ఆదాయపు పన్ను లెక్కలోకి రానివ్వని పథకం 2012 నుంచి అమలులో ఉంది. ఆ దేశపు ఆసుపత్రుల్లో రాత్రింబవళ్లు పనిచేసే కేరళ నర్సుకు ఆ భాగ్యం లేదు. 2022 జనగణన ప్రకారం ఐర్లండ్‌లో 45 వేలకు పైగా భారత పౌరులున్నారు. వారిలో అత్యధికులు నెల జీతంలోంచి పన్ను ముందే కోత పడేవారే.

వీథిలోకి వచ్చిన జీతగాళ్లు

ఈ రెండు తూనికలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1950ల ఐర్లండ్ యువత ఓడలెక్కి ఇంగ్లండుకు, అమెరికాకు వలసపోతున్న పేద దేశం. పెట్టుబడులను రప్పించాలని 1956లో ఎగుమతి లాభాలపై పన్ను రాయితీ తెచ్చారు. కొద్ది కాలానికే అది పూర్తి మినహాయింపుగా మారింది. 1959లో షానన్ విమానాశ్రయం చుట్టూ స్వేచ్ఛా మండలం వెలసింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1960లో, ఉద్యోగుల పన్నును జీతంలోంచే కోసుకునే పద్ధతి ప్రవేశపెట్టారు. కంపెనీకి దారి విశాలం చేసిన చేతులే జీతగాడి తలుపు మూశాయి.

ఆ అసమానత 1979లో బద్దలైంది. ఆ ఏడాది మార్చి 20న డబ్లిన్ వీథుల్లో లక్షకు పైగా ఉద్యోగులు, కార్మికులు కదం తొక్కారు. ఆదాయపు పన్ను రాబడిలో అత్యధిక భాగం తమ జీతాల్లోంచే పోతుంటే, పెద్ద రైతులు, వ్యాపారులు, కంపెనీలు తప్పించుకుంటున్నాయన్నది వారి ఫిర్యాదు. 1980 జనవరిలో దేశమంతటా లక్షలాది మంది మళ్లీ రోడ్డెక్కారు. స్వతంత్ర ఐర్లండ్ చూసిన అతిపెద్ద ప్రదర్శనల్లో అవీ ఉన్నాయి. ఎగుమతి లాభాల మినహాయింపును తప్పుపట్టిన ఐరోపా ఒత్తిడికి తలొగ్గి 1981లో తయారీ రంగానికి 10 శాతం రేటు పెట్టారు. అదే తర్వాత అన్ని వ్యాపారాలకు 12.5 శాతంగా రూపుదాల్చింది. జీతగాళ్ల గోడు మాత్రం కమిషన్ల నివేదికల్లో భద్రంగా నిలిచిపోయింది.

అసలు పరీక్ష 2008లో వచ్చింది. రియల్ ఎస్టేట్ బుడగ పేలి బ్యాంకులు కుప్పకూలాయి. వాటి అప్పులకు ప్రభుత్వం హామీ ఉండి తానే మునిగింది. బ్యాంకులను నిలబెట్టడానికి 6,400 కోట్ల యూరోలు ప్రజల నెత్తిన పడ్డాయి. 2010 నవంబరులో ఐరోపా సమాఖ్య, అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచక తప్పలేదు. అప్పిచ్చేవారిలో ఫ్రాన్స్, జర్మనీ నాయకులు 12.5 శాతం రేటు పెంచాలని పట్టుబట్టారు. ఐర్లండ్ ససేమిరా అన్నది. కంపెనీ పన్ను జోలికి రాకుండా ఆ లోటును పూడ్చడానికి ఏం చేసింది? 2011 జనవరిలో సార్వత్రిక సామాజిక చార్జీని తెచ్చింది. ఫిబ్రవరిలో కనీస వేతనాన్ని గంటకు 8.65 యూరోల నుంచి 7.65కు కోసింది. వేతన కోతను ఆ ఏడాదే వెనక్కి తీసుకున్నారు. సంక్షోభకాలపు పన్నుగా వచ్చిన చార్జీ మాత్రం నేటికీ జీతాల చీటీల్లో కదలకుండా ఉంది. ప్రభుత్వాల ప్రాధాన్యాలు ఎన్నికల ప్రణాళికల్లో కనబడవు. చేతిలో పైసా లేని నాడు ఎవరి జేబులో చేయిపెట్టింది, ఎవరి జేబు ముట్టలేదు అన్నచోటనే కనబడతాయి.

ఎవరి సంపద ఇది?

ఐర్లండ్ నమూనా సమర్థకుల వాదన తేలికగా కొట్టిపారేయదగినది కాదు. 2014లో కంపెనీ పన్ను రాబడి 460 కోట్ల యూరోలు. 2024లో యాపిల్ బకాయి కలపకుండానే అది సుమారు 2,800 కోట్లు. పన్ను రేటు తక్కువైతే రాబడి పెరుగుతుందనడానికి ఇంతకంటె రుజువేమిటని వారి ప్రశ్న. మందుల తయారీ, కంప్యూటర్ పరిశ్రమలు వేలాది మందికి మంచి జీతాల కొలువులిచ్చాయి. వలసల దేశం వలసదారులను రమ్మనే దేశమైంది. ఇవన్నీ నిజాలే.

కానీ ఈ ఉప్పెన వచ్చిన సమయం గమనించాలి. 12.5 శాతం 2003 నుంచీ ఉన్నదే. రాబడి ఎగబాకింది 2015 తర్వాత. ఆ మధ్యలో జరిగింది రేటు తగ్గింపు కాదు. అంతర్జాతీయ ఒత్తిడి వల్ల బెర్ముడా తరహా దీవుల్లో దాచడం కష్టమై, అమెరికన్ కంపెనీలు తమ మేధోసంపత్తిని ఐర్లండ్ పద్దుల్లోకి మార్చుకున్నాయి. ఆ మార్పు 2015లో ఐర్లండ్ జీడీపీని ఒక్క ఏడాదిలో 26 శాతం పెంచింది. ఒక్క ఫ్యాక్టరీ అదనంగా కట్టకుండా, కాగితాల బదిలీతో పెరిగిన ఆ సంపదను ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ ‘లెప్రికాన్ ఎకనామిక్స్’ అని ఎగతాళి చేశాడు. లెప్రికాన్ ఐరిష్ జానపద కథల్లో బంగారం దాచే పొట్టి మాయావి. తన జీడీపీని తానే నమ్మలేక ఐర్లండ్ గణాంక కార్యాలయం ‘సవరించిన స్థూల జాతీయాదాయం’ అనే వేరే కొలతను సృష్టించుకున్నది. ఆ కొలతలో దేశం పరిమాణం జీడీపీ చూపేదానిలో అయిదింట మూడు వంతులకు మించదు. సొంత జాతీయోత్పత్తిని నమ్మవద్దని తన ప్రజలకు తానే చెప్పే దేశం ప్రపంచానికి నమూనా ఎలా అవుతుంది?

అందుచేత ఐర్లండ్ సంపాదన పన్ను రేటు తగ్గించి సృష్టించిన సంపద కాదు, ఇతర దేశాల్లో పుట్టిన లాభాన్ని తన గుమ్మంలోకి మళ్లించుకున్న ఫలం. సొమ్మొకరిది, సోకొకరిది. అర కోటి జనాభా ఉన్న చిన్న దేశానికి ఇతరుల సొమ్ములో కొద్ది శాతం చాలు, బొక్కసం పొంగిపొర్లుతుంది. ఆ సోకు కూడా నిలకడైనది కాదు. కంపెనీ పన్నులో సగానికి పైగా కేవలం పది సంస్థలు చెల్లిస్తున్నాయి. వాటిలో అత్యధికం అమెరికావే. వాషింగ్టన్‌లో గాలి మారితే డబ్లిన్‌కు జలుబు చేస్తుంది. ఐర్లండ్ తమ మందుల పరిశ్రమను లాక్కుపోయిందని ట్రంప్ బహిరంగంగా నిందిస్తున్నాడు. ఈ భయంతోనే ఐర్లండ్ అయాచితంగా వచ్చిన రాబడిలో కొంత భాగాన్ని భవిష్యత్ నిధిలో దాచుకుంటున్నది.

మరి ఇంత సొమ్ము చేరిన దేశంలో సామాన్యుడి బతుకు? ప్రభుత్వ అత్యవసర వసతి గృహాల్లో తలదాచుకుంటున్న నిరాశ్రయుల సంఖ్య 2025 ఆరంభంలో 15 వేలు దాటింది. వారిలో వేలాది మంది పిల్లలు. డబ్లిన్‌లో అద్దె భారం మోయలేక ఉద్యోగం చేస్తున్న యువతీయువకులు సైతం తల్లిదండ్రుల ఇళ్లలోనే ఉండిపోతున్నారు. బడ్జెట్‌లో మిగులు, వీథిలో మనిషి. పద్దుల్లో పెరిగే సంపద ఇటుకా సున్నంగా మారదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

పులిని చూసి నక్క

ఇక భారతదేశానికి వద్దాం. 2019 సెప్టెంబరు 20న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గించింది. ఏటా 1.45 లక్షల కోట్ల రూపాయల రాబడి వదులుకుంటున్నట్టు ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఆ రోజే ప్రకటించారు. పెట్టుబడులు వెల్లువెత్తుతాయన్నది అప్పటి ఆశ. 2018–19లో కంపెనీల పన్ను రాబడి 6.63 లక్షల కోట్లు, వ్యక్తుల ఆదాయపు పన్ను దాదాపు 4.7 లక్షల కోట్లు. 2023–24 నాటికి కంపెనీలది 9.1 లక్షల కోట్లు, వ్యక్తులది 10 లక్షల కోట్లకు పైన. అయిదేళ్లలో తక్కెడ తలకిందులైంది. తగ్గింపు రేటు ఎంచుకున్న కంపెనీకి 22 శాతమైతే, కొత్త విధానంలో 24 లక్షల ఆదాయం దాటిన ఉద్యోగికి 30 శాతం. 12 లక్షల దాకా పన్ను లేదన్న 2025 బడ్జెట్ ఊరట మధ్యతరగతికి మేలు చేసిన మాట వాస్తవమే. కాని పన్ను కట్టే స్తోమత లేనివాడు కూడా సబ్బుబిళ్ల మీద, చెప్పుల జత మీద జీఎస్టీ కడుతూనే ఉన్నాడు.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది ఈ అనుకరణ. ఐర్లండ్ పరాయి లాభాన్ని ఆకర్షించడానికి రేటు తగ్గించింది. భారతదేశంలో కంపెనీ లాభంలో అత్యధికం ఇక్కడే, ఈ మార్కెట్‌లో, ఈ వినియోగదారుల వల్ల పుట్టేదే. రేటు ఎంతైనా అది ఎక్కడికీ పారిపోదు. దానిపై పన్ను తగ్గించడమంటే పొరుగువారి సొమ్ము రప్పించుకోవడం కాదు, సొంత ఖజానాకు గండి కొట్టుకోవడం. నూట నలభై కోట్ల జనాభా ఉన్న దేశం పన్ను స్వర్గం కాలేదు. ఆ స్వర్గాలకు సొమ్ము సరఫరా చేసే నేల మాత్రమే కాగలదు.

ఆ సరఫరా ఎలా జరుగుతుందో తెలియజేసే కేసు ఒకటి రికార్డులోనే ఉంది. భారతీయ వ్యాపారులు గూగుల్‌లో ప్రకటనలకు ఇచ్చే సొమ్ములో పెద్ద భాగాన్ని గూగుల్ ఇండియా తన సోదర సంస్థ గూగుల్ ఐర్లండ్‌కు చెల్లించేది. ఆ చెల్లింపులు రాయల్టీ కిందికి వస్తాయని, పన్ను కోయవలసిందేనని బెంగళూరు ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ 2017లో తీర్పిచ్చింది. హైకోర్టు తిప్పి పంపాక అదే ట్రిబ్యునల్ 2022లో రాయల్టీ కాదని తేల్చింది. ఈ లోపాన్ని పూడ్చేందుకు 2016లో డిజిటల్ ప్రకటనలపై 6 శాతం, 2020లో విదేశీ ఈ-కామర్స్ సంస్థలపై 2 శాతం సమీకరణ సుంకం తెచ్చారు. 2024 ఆగస్టులో ఒకటి, 2025 ఏప్రిల్‌లో రెండవది రద్దు చేశారు. అమెరికా కన్నెర్రకు జడిసి వదులుకున్న ఆయుధాలవి. హైదరాబాద్‌లో వేలాది ఇంజనీర్లు రాసే కోడ్‌కు భారతీయ అనుబంధ సంస్థకు దక్కేది ఖర్చు మీద కొద్దిపాటి మార్జిన్. ఆ కోడ్ మీద హక్కు, హక్కు మీద లాభం మరో దేశం పద్దుల్లోకి వెళ్తాయి.

దేశం స్థాయిలో ఈ పోటీకి తెరతీసినవారే రాష్ట్రాల మధ్య కూడా దాన్ని రగిలిస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖలో 21 ఎకరాలకు పైగా భూమిని టీసీఎస్‌కు 99 పైసలకు కేటాయించింది. ఉద్యోగాలు వస్తాయన్నది ప్రభుత్వ సమాధానం. రావచ్చు. కాని ఒక రాష్ట్రం 99 పైసలకు ఇస్తే పొరుగు రాష్ట్రం ఏమివ్వాలి? ఈ వేలంలో గెలిచిన రాష్ట్రం ఎన్నటికీ ఉండదు. గెలిచేది ప్రతిసారీ వేలం పాడించే కంపెనీయే.

ఏం చేయాలి?

దీనికి విరుగుడు లేకపోలేదు. లాభాన్ని కంపెనీ తాను చెప్పిన చోట కాక, అమ్మకాలు, ఉద్యోగులు, ఆస్తులు ఎక్కడున్నాయో అక్కడికి పంచి పన్ను వేయాలన్న ప్రతిపాదన దశాబ్దాలుగా ఉన్నది. పన్నుల విషయంలో ధనిక దేశాల కూటమి గుత్తాధిపత్యాన్ని తొలగించి, ఐక్యరాజ్యసమితి గొడుగు కింద ఒప్పందం రూపొందించాలని ఆఫ్రికా దేశాలు పట్టుబట్టి, 2024 చివరలో విధివిధానాలకు ఆమోదం సాధించాయి. ఆ చర్చల్లో భారత్ ముందు వరుసలో నిలబడాలి. ప్రపంచంలోనే అతిపెద్ద మార్కెట్లలో ఒకటైన దేశం పన్ను హక్కును అడిగి పుచ్చుకోవలసిన స్థితిలో లేదు, నిర్ణయించగల స్థితిలో ఉంది. దేశంలోపల కంపెనీల పన్ను తగ్గింపు ఇచ్చిన పెట్టుబడులెన్ని, కొలువులెన్ని అన్న లెక్కను ప్రభుత్వం పార్లమెంటు ముందుంచాలి. లెక్క చూపలేని రాయితీని కొనసాగించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.

ఐర్లండ్ ప్రజలను నిందించి ప్రయోజనం లేదు. బానిసత్వం, కరువు, వలస ఎరిగిన జాతి అది. తమకు దొరికిన చిన్న మెట్టు మీద నిలబడి పైకెక్కారు. నిందించవలసింది, ఆ మెట్టును నిచ్చెన అని నమ్మించి, ఎక్కడానికి వీలులేని దేశాలకు అమ్ముతున్నవారిని. పన్ను అంటే పౌరుడు రాజ్యానికి ఇచ్చే కప్పం కాదు, సమాజంలో ఎవరి బరువు ఎవరు మోయాలన్న ఒప్పందం. ఆ ఒప్పందంలో బలవంతుడు పక్కకు తప్పుకున్నప్పుడు బరువు మాయం కాదు. అది జీతం చీటీ మీదికీ, కిరాణా కొట్టు బిల్లు మీదికీ జారుతుంది. 1979లో డబ్లిన్ కార్మికుడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. భారతీయ జీతగాడు ఇంకా ఎంతకాలం మౌనంగా మోస్తాడన్నదే మిగిలిన ప్రశ్న.